నోటినిండా తేనె

చెప్పేస్తే పోలా, ఇక్కడే, ఈ నీలం తలుపు దగ్గరే, పిల్లల కంట పడకముందే ఒక్క మాట చెప్పేస్తే గుండె దడ తగ్గిపోను, అని గొడుగక్క అనుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది, బొద్దుమామ బయటికి వచ్చేశాడు, ఏకంగా తల తగిలించుకునే వచ్చేశాడు. రోజూ ఇలా రాడు. రోజూ ఆ పెద్ద ఎలుగుబంటి వేషం తలని చంకలో పెట్టుకుని, తన సొంత తలతో, తన నెరిసిన మీసాలతో వచ్చి, నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, ఎండెలా ఉంది జనమెలా ఉన్నారు అని అడిగి, అప్పుడు వంగితే గొడుగక్క తల తొడిగి మెడ వెనక కొక్కేలు పెడుతుంది. ఇవాళ కొక్కేలు కూడా బట్టల గదిలోనే ఎవరిచేతో పెట్టించుకొచ్చాడు. సిగ్గు, అనుకుంది గొడుగక్క, నిన్న అంతమాట అనేసి ఇవాళ మొహం ఎలా చూపిస్తాడు పాపం. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే భయమూ వచ్చింది, ఎందుకంటే సిగ్గుపడాల్సిన వంతు ఇవాళ తనది, జవాబు చెప్పాల్సింది తను.

నిన్న సాయంత్రం ఆఖరి రౌండు అయ్యాక, ఎలుగుబంటి ఒంట్లోంచి తల మాత్రం బయటపెట్టి, చెమటకి జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, నీళ్ళ సీసా మూత తీయడం కూడా రానివాడిలా తిప్పుతూ తిప్పుతూ, "మీ చెయ్యి పట్టుకుని నడవడం అలవాటైపోయిందండీ, ఇంటికెళ్ళాక ఈ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచట్లేదు, మనం పెళ్ళి చేసుకుంటే ఏమంటారు?" అనేశాడు. ఆమె నోరు తెరిచేలోపే, "ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు, రేపు పొద్దున రౌండులో చెప్పండి, తల తగిలించుకుంటే నేను ఎదురు మాట్లాడలేను కదా, మీకు తేలిగ్గా ఉంటుంది" అని, మూత రాని సీసా ఆమె చేతిలోనే పెట్టి వెళ్ళిపోయాడు. తేలికట! రాత్రంతా పక్కమీద అటు దొర్లి ఇటు దొర్లి ఆమె పడ్డ అవస్థ ఆయనకేం తెలుసు. అవస్థ అంటే దుఃఖం కాదు, అలాగని సంతోషమని ఒప్పుకోవడానికి మొహమాటం, ఈ వయసులో ఇదేమిటమ్మా అని తనని తనే తిట్టుకుంది, తిట్టుకుని మళ్ళీ నవ్వుకుంది.

పదండి, అంది, చెయ్యి అందుకుంది, గోధుమరంగు బొచ్చు చేతొడుగులోంచి ఆ వేళ్ళు గట్టిగా కాకుండా, అంటీ అంటనట్టు పట్టుకున్నాయి. వంద ఎలుగుబంట్లని వరసగా నిలబెట్టి కళ్ళకి గంతలు కట్టినా చెయ్యి పట్టుకుని మావాడెవరో చెప్పేస్తానని భోజనాల గదిలో గొడుగక్క ఎన్నిసార్లు గొప్పలు పోయిందో లెక్కలేదు, ఇవాళ ఆ చెయ్యే కొత్తగా ఉంది, భయపడుతున్నాడు అనుకుంది, భయపడనీ, నాలుగడుగులు భయపడితే ఏం పోయింది, నేను రాత్రంతా పడ్డాను. ఇంకో నాలుగడుగులు వేశారో లేదో జనం వచ్చేశారు, బొద్దుమామా, బొద్దుమామా అంటూ పిల్లలు మోకాళ్ళకి చుట్టుకున్నారు, పసుపు గొడుగు పైకెత్తి దారి చేస్తూ ఆమె పని మొదలుపెట్టింది, వాన ఉన్నా లేకపోయినా ఆ గొడుగు ఉంటుంది కాబట్టే పార్కులో అందరికీ ఆమె గొడుగక్క.

పని ఏమిటంటే ఎలుగుబంటికి కళ్ళూ నోరూ తనే కావడం. బొద్దుమామకి అంతంత గాజుకళ్ళున్నాయి గాని వాటిలోంచి ఏమీ కనబడదు, లోపలి మనిషి చూసేది ఎలుగుబంటి నోట్లోని నల్లవల లోంచి, అదీ ఎదురుగా ఉన్నంత మేరే, కాళ్ళ దగ్గర పిల్లలున్నా మెట్టున్నా గుంటున్నా గొడుగక్క చెప్పాల్సిందే. చెప్పడం కూడా జనానికి వినబడకూడదు, మొహం మీద నవ్వు చెరక్కూడదు, పెదవి కదలకూడదు, పళ్ళ మధ్యలోంచి గొణగాలి. మెట్టు. ఎడమ పక్క పాప, ఏడుపు మొహం, దూరంగా ఉండండి. తోక పట్టుకున్నారు, ఆగండి. ఎంత అలవాటైందంటే ఇంట్లో అత్తగారు నీళ్ళ గదిలోకి వెళ్తుంటే కూడా గడప, గడప అని గొణుగుతుంది, ఆవిడ చెవులకి అది వినబడదు, వినబడితే చీపురు తీసుకునేది. ఇక లోపలి మనిషికి ఒకటే నియమం, తల తగిలించాక నోరు విప్పకూడదు, తేనెటీగ లోపలికి దూరి కుట్టినా కిక్కురుమనకూడదు. మామ ఎందుకు మాట్లాడడు అని పిల్లలు అడుగుతారు, రోజుకి ఎంతమందో, గొడుగక్క చెప్పే జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే, నోటినిండా తేనె ఉంది కన్నా, నోరు తెరిస్తే కారిపోదూ?

ఇప్పుడు చెప్పేయనా, ఈ ఫొటో అయ్యాక చెప్పేయనా, ఇదిగో ఈ కళ్ళజోడు పెద్దాయన పక్కకి తప్పుకున్నాక, అనుకుంటూనే ఫౌంటెన్ దగ్గరికి వచ్చేసింది, ఫౌంటెన్ చూడగానే అన్నీ మర్చిపోయి నవ్వేసింది. చేరిన కొత్తల్లో ఇక్కడే కదా బ్యాండువాళ్ళ బాకాలు చూస్తూ నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయి మెట్టు అనడం మర్చిపోయింది, బొద్దుమామ ఆగకుండా నడిచి నీళ్ళలోకి దిగిపోయాడు, మోకాళ్ళదాకా. ఉద్యోగం ఊడింది అనుకుంది ఆమె. ఆయన ఏం చేశాడు? బయటికి రాలేదు. నీళ్ళలో చతికిలబడి, రెండు చేతులతో నీళ్ళు చిమ్ముతూ, పిల్లలందరూ కేరింతలు కొట్టేదాకా ఆడి, అదంతా ఆటలో భాగమే అన్నట్టు ఠీవిగా లేచి వచ్చాడు. ఆ సాయంత్రం తల తీశాక తిడతాడేమో అని ఆమె చేతులు కట్టుకుని నిలబడితే, "ఎండాకాలంలో రోజూ ఒకసారి మర్చిపోండి, పుణ్యముంటుంది" అన్నాడు. అప్పుడు మొదలైందేమో ఇదంతా, లేదా తర్వాతేమో, జలుబుతో తుమ్ములు ఆపుకోలేక ఎలుగుబంటి భుజాలు ఎగిరెగిరి పడుతుంటే జనం నాట్యమనుకుని చప్పట్లు కొట్టారే, అప్పుడేమో. ఎప్పుడు మొదలైతేనేం, ఇప్పుడు గుండె ఇలా కొట్టుకుంటోందంటే మొదలైనట్టే.

బ్యాండు వాయించడం మొదలుపెట్టింది, బొద్దుమామ ఆమె చెయ్యి వదిలి ఆడాడు. ఆడటమంటే రోజూ ఆడే ఆట కాదు, రోజూ ఆయన చేసేది కుడికొకసారి ఎడమకొకసారి ఊగి బొజ్జ నిమురుకోవడం, ఆ మాత్రానికే మోకాలు పట్టేసిందని సాయంత్రందాకా సణుగుతాడు, ఇవాళ గిర్రున తిరిగాడు, గెంతాడు, గాల్లోకి ఎగిరి మడమకి మడమ కొట్టాడు. గొడుగక్క నోరు మళ్ళీ వెళ్ళబెట్టింది. సంతోషానికి మోకాలి నొప్పి పోతుందని ఏ డాక్టరూ చెప్పలేదే! నేను ఇంకా అవుననలేదు, కాదననందుకే ఈ గంతులా, అవునంటే ఈ మనిషి రంగులరాట్నం ఎక్కేసి కూర్చుంటాడు. ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. ఒక మనిషి తన కోసం ఇలా గెంతుతాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు, మొదటి భర్త మంచివాడే, నెమ్మదైనవాడు, జబ్బుచేసి నెమ్మదిగానే వెళ్ళిపోయాడు, అప్పట్నించీ ఆమే అత్తగారూ ఒకరికొకరు కాపలా. పొద్దున బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నేల చూపులు చూస్తూ విషయం చెబితే అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎవరు ఎవరు అని మూడుసార్లు చెప్పించుకుని, "ఆ ఎలుగుబంటా? నోరు మెదపడన్నావు, ఆయనేనా? ఇంకా ఆలోచిస్తావేమే, మాట్లాడని మొగుడు ఎంతమందికి దొరుకుతాడు!" అంది. బయట బాగానే మాట్లాడతాడత్తయ్యా అంటే, "అయితే ఆలోచించు" అంది.

ఆలోచన ఆయన గురించి కాదు. ఆయన గురించి ఆలోచించడానికేముంది. ఆలోచనంతా కుందేలు గురించి. కుందేలంటే ఆయన కూతురు, సాయంత్రం ఊరేగింపులో కుందేలు వేషం కట్టే పిల్ల, పార్కులో ఎవరి వేషమే వాళ్ళ పేరు. తల్లి పోయాక తండ్రిని చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసుకుంటుంది, ఇద్దరూ ఒకే ఎత్తు, పక్కపక్కనే నడిచిపోతుంటే ఎవరు ఎవర్ని ఇంటికి తీసుకెళ్తున్నారో చెప్పలేం. అందరితో గలగలా మాట్లాడే పిల్ల గొడుగక్క కనబడితే మాత్రం ముడుచుకుపోతుంది. ఆమధ్య ఆయన చొక్కాకి గుండీ ఊడితే గొడుగక్క భోజనాల గదిలో కూర్చుని కుట్టబోయింది, ఆ పిల్ల వచ్చి, కోపంగా కాదు, మర్యాదగానే, "ఇటివ్వండి ఆంటీ, నేను కుడతాను" అని చేతిలోంచి తీసుకుంది. దారం ఇంకా సూదిలోకి ఎక్కనేలేదు. ఆ దారం చేతిలో మిగిలిపోయింది, చాలాసేపు దాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది గొడుగక్క. అది మనసులోంచి పోదు. ఆ పిల్ల కాదంటే తను అవునని ఎలా అంటుంది, ఇష్టం లేని ఇంట్లోకి పెద్ద వయసులో పెట్టె పట్టుకుని వెళ్ళడమా, వాళ్ళిద్దరి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చోవడమా. ఆ పని చచ్చినా చెయ్యదు. పోనీ కాదని చెప్పేద్దామంటే, నాలుక ఆ మాటవైపు తిరగనంటోంది.

"మామ ఎందుకు మాట్లాడడు?" అని అడిగింది రెండు జడల పాప. నోటినిండా తేనమ్మా, అంది గొడుగక్క. "మరి నీ నోటినిండా ఏముంది?" అంది పాప. పాప వాళ్ళమ్మ నవ్వింది, బొద్దుమామ భుజాలు కూడా కదిలాయి. ఏముంది నా నోట్లో, పొద్దున్నుంచీ ఒకటే మాట, మింగలేక కక్కలేక. నడిచారు. పూలకుండీలు, పాప్‌కార్న్ బండి, అద్దాల ఇంటి ముందు వరస. ఎండ ఇంకా ముదరలేదు, ఎక్కడో పైన రంగులరాట్నం మీదనుంచి ఎవరో కేకేస్తున్నారు, గాలికి గొడుగు అంచు కొట్టుకుంటోంది, పళ్ళ మధ్యలోంచి రోజూ గొణిగే గొంతుతోనే, మొహం మీద నవ్వు చెరక్కుండానే, గొడుగక్క అనేసింది.

"ఎడమకి స్తంభం. నాకు ఇష్టమేనండీ. మెట్టు."

బొద్దుమామ మెట్టు తప్పాడు. తూలి, ఆమె భుజం పట్టుకుని నిలదొక్కుకుని, ఆ పెద్ద తలని ఆమెవైపు తిప్పి చూశాడు, వేళ్ళు ఇప్పుడు గట్టిగా పట్టుకున్నాయి. చూడకండి, ముందుకి చూడండి, జనం. ఇష్టమే అని చెప్పాను కదా, ఇంకా ఉంది, వినండి. ఒకసారి నోరు తెరుచుకున్నాక ఆమెని ఆపేదెవరు, ఆపాల్సినవాడికి నోరు లేదాయె. మా అత్తగారు నాతోనే వస్తారు, ఆవిణ్ణి వదిలి రాను, కుడిపక్క బండి, టీవీ పెద్దగా పెడతారు, ఓర్చుకోవాలి. బొద్దుమామ నెమ్మదిగా తలూపాడు. మీ వంట నేను తినలేను, వంట నాది, గిన్నెలు మీవి. ఊపాడు. మీరు నిద్దట్లో గురక పెడతారని ఎండాకాలం మధ్యాహ్నాలు బెంచీ మీద విన్నవాళ్ళందరూ చెప్పారు, దానికీ నేను సిద్ధమే. ఎలుగుబంటి బొజ్జ కదిలి కదిలి ఊగింది. నవ్వకండి, అసలు విషయం ఇంకా చెప్పలేదు, మీ అమ్మాయి.

చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. అదిగో, ఆయనకీ అదే భయం అనుకుంది ఆమె. ఆ పిల్లకి నేనంటే ఇష్టం లేదు, నాకు తెలుసు, మీరు కాదనక్కర్లేదు, పాప, పాప, కిందకి వంగండి, ఊఁ, ఫొటో, నవ్వండి, మీకు నవ్వక్కర్లేదులెండి. చొక్కా తీసేసుకుందని మీకెప్పుడూ చెప్పలేదు. బాధపడ్డాను, ఎందుకు పడలేదు, కానీ కోపం రాలేదు. నాకు అలా ఎవరైనా ఉంటే బాగుండేదనిపించింది, నా చొక్కా ఇంకొకరు ముట్టుకుంటే లాక్కునే మనిషి. మంచి పిల్లండీ. మీ ముక్కే వచ్చింది, మీకు బాగాలేదు గాని ఆ పిల్లకి అందంగానే ఉంది. ఇంకో సంగతి కూడా మీకు చెప్పలేదు. ఈ ఎడమ చెవి. మీ ఆవిడ బట్టల గదిలో పనిచేసినప్పుడు కుట్టిన చెవి అని బట్టల గది ముసలమ్మ నాకు చేరిన నెలలోనే చెప్పింది. పాతబడింది, కొత్తది వేస్తామని ఆఫీసువాళ్ళు అన్నప్పుడల్లా బాగానే ఉందండీ అని నేనే మార్చనివ్వలేదు. రోజూ బొచ్చంతా దువ్వుతాను గాని ఆ కుట్టు మీద దువ్వెన పెట్టను, చేత్తో సర్దుతాను. ఆ పిల్ల ఊరేగింపుకి వెళ్ళేముందు గోడకి వేలాడే ఈ తల దగ్గర ఆగి ఒకసారి ఆ చెవి నిమిరి వెళ్తుంది, నేను చూశాను, చూడనట్టు ఉన్నాను. ఆ చెవి తీయకుండా ఉన్నంతసేపే ఆ ఇంట్లో నాకు చోటు, ఏమంటారు?

బొద్దుమామ ఆగిపోయాడు. అద్దాల ఇంటి ముందు, వరస మధ్యలో, కదలకుండా నిలబడిపోయాడు. వేడెక్కిందా, అలసిపోయారా, లోపలికి పోదామా, అని గొడుగక్క కంగారుపడింది, ఎలుగుబంటి అడ్డంగా తలూపాడు. మరయితే నడవండి. నా మాట ఒకటే. మీరు ఆ పిల్లని ఒప్పించకండి. మీరు అడిగితే సరే అంటుంది, మీ మీద ప్రేమకొద్దీ అంటుంది, ఆ సరే నాకొద్దు. తనంతట తనకి అనిపించాలి. అనిపిస్తే వస్తాను, పరుగెత్తుకొస్తాను, ఎంత సంతోషంగా ఉన్నానో మీకు చెప్పలేను, రాత్రి నిద్రే పోలేదు, అనిపించకపోతే ఇలాగే చెయ్యి పట్టుకుని తిరుగుదాం, ఇదేం తక్కువ కాదు.

బొద్దుమామ తలూపాడు. నిలువుగా, గట్టిగా. మీరు ఊపితే ఏం లాభమండీ, అమ్మాయి ఊపాలి, అంది గొడుగక్క. మళ్ళీ ఊపాడు. ఎలుగుబంటి తల ఊపడమంటే మాటలు కాదు, నడుం దగ్గర్నుంచి వంగి లేవాలి, వంగి లేచాడు, వంగి లేచాడు, పిల్లలు నవ్వుతూ తామూ ఊపడం మొదలుపెట్టారు, రెండు జడల పాప జడలు ఎగిరేలా ఊపింది, కళ్ళజోడు పెద్దాయన కూడా ఊపాడు, పాప్‌కార్న్ అమ్మేవాడు గరిట పట్టుకుని ఊపాడు, అద్దాల ఇంటి ముందు వరసంతా అవునవునని ఊగుతోంది. అయ్యో రామా, మీకు అర్థం కావట్లేదు, మీరు కాదు, అమ్మాయి, అమ్మాయి, అని గొడుగక్క పళ్ళ మధ్యలోంచి గొణుగుతూనే ఉంది, నవ్వు ఆపుకోలేక కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇలాంటి మొండివాణ్ణి ఎక్కడా చూడలేదు, ఇంట్లో కూడా ఇంతేనేమో, ఇంతే అయితే ఎంత బాగుండు. మామకి తేనె తాగే టైమైంది, టాటా చెప్పండి, టాటా, అని గొడుగు ఎత్తి, ఊగుతున్న ఎలుగుబంటిని లాక్కుంటూ నీలం తలుపు దారి పట్టింది.

తలుపు మూశారు. లోపల చల్లగా, మసకగా ఉంది. వంగండి, అంది, కొక్కేలు తీసింది, రెండు చేతులతో తల పైకెత్తింది.

కుందేలు. జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, మొహం ఎర్రగా కందిపోయి, చెమటో కన్నీళ్ళో తెలియకుండా బుగ్గలన్నీ తడిసిపోయి, తండ్రి ముక్కు వేసుకుని ఆ పిల్ల నిలబడి ఉంది. గొడుగక్క చేతుల్లో ఎలుగుబంటి తల అలాగే గాల్లో ఉండిపోయింది. గురక, అనుకుంది. గిన్నెలు. చొక్కా. ముక్కు. అయ్యయ్యో, ముక్కు! భూమి చీలితే బాగుండుననుకుంది.

"నాన్నగారేరి?" అంది, వేరే మాటేదీ దొరక్క.

"బట్టల గదిలో కూర్చున్నాడు. మీరు కాదంటే ఏడుపొస్తుందంట, తల లోపల ఏడిస్తే తుడుచుకునే దారి లేదంట. నువ్వెళ్ళి ఆవిడ మొహం ఎలా ఉందో చూసిరా చాలు, అని నన్ను తగిలించి పంపాడు. మీరిలా మొత్తం చెప్పేస్తారని నాకేం తెలుసు? నేను నోరు విప్పకూడదు కదా." ఆ పిల్ల బొచ్చు చేత్తో మొహం తుడుచుకుంది, ఇంకాస్త తడైంది. "నిజంగానే తుడుచుకోవడానికి లేదు."

"అయితే నువ్వు..." అంది గొడుగక్క.

"అమ్మాయి ఊపాలి అమ్మాయి ఊపాలి అంటారేంటి! ఊపుతూనే ఉన్నాను కదా, అద్దాల ఇంటి దగ్గర్నుంచీ! మెడ పడిపోయింది."

గొడుగక్క నవ్వింది. పళ్ళ మధ్యలోంచి కాదు, నోరంతా తెరిచి, లోపలంతా వినబడేలా నవ్వింది, ఆ పిల్లా నవ్వింది, ఆ చప్పుడికి బట్టల గది తలుపు తెరుచుకుంది, నెరిసిన మీసాలాయన గుమ్మంలో నిలబడ్డాడు, మొహం పాలిపోయి ఉంది. గొడుగక్కని చూసే ధైర్యం లేక కూతురి మొహంలోకి చూశాడు. ఇప్పుడు నోరు విప్పినా అడిగేవాళ్ళు లేరు, అయినా కుందేలు మెడ పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి, తండ్రికి కనబడేలా ఇంకొక్కసారి నిలువుగా తలూపింది.